శివారుకు చేరని పేజీ

నీటిపారుదల శాఖలో నా చివరి పోస్టింగు కోనసీమలోని ఒక సబ్ డివిజన్ కార్యాలయం. అది ఏ ఊళ్లో ఉందో చెప్పనవసరం లేదు. కాలువ ఉన్న ప్రతి ఊరివారూ అది తమదే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఐదారేళ్ల క్రితం, సార్వా కోతలు ముగిసి దాళ్వాకు, అంటే రెండో పంటకు, నారుమళ్లు దున్నుతున్న రోజుల్లో, సీనియర్ అసిస్టెంటుగా అక్కడ చేరాను. మోకాళ్ల నొప్పులతో స్వచ్ఛంద విరమణ తీసుకునేవరకూ అక్కడే ఉన్నాను.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు. కాలువలో పాతిన గేజి రాయి మీద నీరు ఏ గీతను తాకుతోందో చూసి, ఎంత నీరు పారుతోందో కట్టే లెక్క ఒకటుంది. దాన్ని ఎవరూ నేర్పకుండానే, పాత ఫైళ్లు తిరగేసి నేర్చుకున్నాను. అందువల్ల ఏ కార్యాలయంలో చేరినా గేజి లెక్కలు నా బల్ల మీదికి వచ్చేవి. వాటితోపాటు కంప్యూటరు కూడా వచ్చేది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక యంత్రం ఎవరి బల్ల మీద ఉంటే ఆయనే ఆ యంత్రంలో నిపుణుడు. దీనికి వేరే ఉత్తర్వు ఉండదు.

వంతుల సంగతి ముందు చెప్పాలి. దాళ్వాలో గోదావరి సన్నబడుతుంది. అందరికీ ఒకేసారి నీరు చాలదు. అప్పుడు కాలువ మీద తూములను గుంపులు చేసి, ఈ గుంపుకు ఈ రోజులు, ఆ గుంపుకు ఆ రోజులు అని వంతులు పెడతారు. తూము నుంచి చేలోకి నీరు తీసుకెళ్లే చిన్న పిల్లకాలువను బోదె అంటారు. వంతు వచ్చినప్పుడు రైతు పార పట్టుకుని బోదె దగ్గర ఉండాలి. లేకపోతే నీరు అతని కోసం ఆగదు, మురుగు కాలువలో కలిసి సముద్రానికి పోతుంది. గోదావరి మీది బ్యారేజీలో నీటి మట్టం మారినప్పుడల్లా వంతులు ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతాయి. ఆ మార్పును ఊరూరా చెప్పే పని లస్కరుది. తూము షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగిని మా శాఖలో లస్కరు అంటారు. సైకిలు మీద వెళ్లి, టీ బడ్డీ దగ్గరా, చర్చి ముందరా, రచ్చ సావిడి దగ్గరా చెప్పి వచ్చేవాడు.

నేను చేరిన నెలలోనే పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి సబ్ డివిజనూ తన వెబ్ పేజీ తయారు చేసుకోవాలి. అందులో వంతుల పట్టిక ఉండాలి. లింకులు, చిత్రాలు ఉండాలి. దాళ్వా వంతులు మొదలయ్యేలోగా పూర్తి కావాలి. సబ్ డివిజనుకు పెద్ద డీఈ గారు. ఆయన పైన ఈఈ గారు, ఆయన పైన ఎస్ఈ గారు. డీఈ గారు సమావేశం పెట్టి, కాగితం చదివి, ఏఈల వైపు చూశారు. వాళ్లు నలుగురూ ఇంజనీర్లు. తాము చదివింది కాంక్రీటనీ ఇది కాదనీ మర్యాదగా మనవి చేశారు. డీఈ గారి చూపు చివరికి నా దగ్గర ఆగింది.

"కంప్యూటరు మీ బల్ల మీదే కదండీ ఉంది?"

"ఆయ్" అన్నాను.

కోనసీమలో ఆయ్ అంటే మీరు చెప్పింది నా చెవిన పడిందని అర్థం. మినిట్స్‌లో మాత్రం "బాధ్యత స్వీకరించారు" అని రాసుకున్నారు.

అమలాపురంలో రత్నకుమారి గారికి ఫ్లెక్సీలు వేసే దుకాణం ఉంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, క్రిస్మస్ శుభాకాంక్షలు, సంతాపాలు అన్నీ ఆమె కంప్యూటరులోంచే గోడలెక్కుతాయి. ఆమె తండ్రి, తాత కూడా బడి పంతుళ్లు. ఆమె కంప్యూటరు కోర్సు చదివి, బళ్లో చేరకుండా దుకాణం పెట్టింది. సాయంత్రం బస్సెక్కి వెళ్లి నా అవసరం చెప్పాను. ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టింది. నోట్‌ప్యాడ్ తెరిచింది. కొక్కేల్లాంటి రెండు గుర్తుల మధ్య ఒక చిన్న మాట రాసి దాన్ని ట్యాగు అంటారంది. ట్యాగు తెరిస్తే ఒక పని మొదలవుతుంది, మూస్తే ఆగుతుంది.

"తలుపు తీసినోళ్లే వెయ్యాలండి బాబాయ్ గారూ. మా ఆయనకి పదేళ్ల నుంచి చెప్తున్నాను, రాలేదు. మీకైనా రావాలి" అంది.

నాకూ వెంటనే రాలేదు. లింకు అంటే ఒక మాటను నొక్కితే ఇంకో పేజీ తెరుచుకునే ఏర్పాటు. అది నాకు సులువుగానే బోధపడింది. ప్రధాన కాలువకు తూము ఎలాగో పేజీకి లింకు అలాగ. తూముకు అవతల బోదె ఎక్కడికి వెళ్తుందో రాయాలి, రాయకపోతే షట్టరు ఎత్తినా నీరు రాదు. కాని మొదటి లింకు మూయడం మరిచిపోయాను. దాంతో అక్కడి నుంచి కిందున్న పేజీ అంతా నీలం రంగుకు తిరిగి, ఎక్కడ ముట్టుకున్నా వేరే పేజీకి పోసాగింది. రత్నకుమారి చూసి, "ఇది తూము కాదండి, గండి" అంది. కాలువ ఊరి పిల్ల కదా, సరైన మాటే వాడింది.

చిత్రాల పాఠం ఇంకా చిత్రమైనది. చిత్రం పేజీలో ఉండదట. "ఫలానా చోట ఫలానా ఫోటో ఉంది, తెచ్చుకో" అనే చీటీ మాత్రమే పేజీలో ఉంటుందట. ఆమె చెప్పిందంతా రాసుకుని వచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని నెమ్మదిగా కట్టాను. వంతుల పట్టికను వేరే పేజీగా పెట్టాను. మొదటి పేజీలో నాలుగు మాటలు, పట్టికకు ఒక లింకు, కాలువ ఫోటో ఒకటి. డీఈ గారు వచ్చి చూశారు. నచ్చిందన్నారు. అయితే కాలువ ఫోటో తీసేసి పైన ఎస్ఈ గారిది, ఈఈ గారిది, తనది వేయమన్నారు. వేశాను. నా కంప్యూటరులో ముగ్గురూ దివ్యంగా కనిపించారు.

మర్నాడు ఈఈ గారికి చూపించడానికి డీఈ గారు తన గదిలోని కంప్యూటరులో తెరిచారు. ముగ్గురి స్థానంలో చిరిగిన కాగితం గుర్తున్న మూడు ఖాళీ గడులు వచ్చాయి. వాటి పక్కన పేర్లు, హోదాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

"ఎస్ఈ గారు ఏరండీ?" అన్నారు ఈఈ గారు. తెరకు దగ్గరగా వంగి, "నేను కూడా లేనేంటండీ?" అన్నారు. ఆ రెండో ప్రశ్నలో నిజమైన బాధ ఉంది.

సాయంత్రం రత్నకుమారికి చెబితే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఫోటోలు ఎక్కడున్నాయో చెప్పే చోట నేను నా కంప్యూటరులోని ఒక అరకు, అంటే ఫోల్డరుకు, ఉన్న చిరునామా రాశాను. ఆ అర నా యంత్రానికి తప్ప ఇంకే యంత్రానికీ లేదు. "మీ ఇంటి బీరువాలో పట్టుచీర పెట్టి, మీ మీ బీరువాలు తెరిచి చూసుకోండని ఊళ్లో పిలుపులు చేసేరండి మీరు" అంది. పేజీ ఉన్న అరలోనే ఫోటోలూ ఉంచి, చిరునామా ఆ అర నుంచే మొదలుపెట్టి రాయాలని నేర్పింది. అది సరిదిద్దాక అన్ని గదుల్లోనూ ముఖాలు వచ్చాయి. కార్యాలయం ఊపిరి పీల్చుకుంది.

తరువాతి దశ ఆమోదం. మా శాఖలో కాగితం మీద లేనిది భూమి మీద లేనట్టే. అందువల్ల పేజీని రంగుల్లో అచ్చు తీసి, నోట్ ఫైలులో పెట్టి పైకి పంపాను. "వంతుల పట్టిక కోసం ఇక్కడ నొక్కండి" అన్న మాట దగ్గర ఈఈ గారి కార్యాలయం ఎర్ర సిరాతో గుండ్రం చుట్టింది. పక్కన, "నొక్కినచో ఏమి వచ్చునో జతపరచలేదు" అని రాసి తిప్పి పంపింది. ప్రశ్న న్యాయమైనదే. లింకు తెరిచే ప్రతి పేజీనీ అచ్చు తీసి, ఎనెక్చర్-1, ఎనెక్చర్-2 అని అంకెలు వేసి, ఫైలుకు కుట్టాను. వంతుల పట్టిక ఎనెక్చర్-2. ప్రతి ఎనెక్చరు మీదా ఈఈ గారు విడివిడిగా సంతకం చేశారు. ఆ సంతకం తరువాత ఎంత పనికొస్తుందో నాకప్పుడు తెలియదు.

ఈలోగా ముఖాలు పెరిగాయి. డీఈ గారి ఫోటో ఉన్నప్పుడు తమవి ఎందుకు ఉండకూడదని ఏఈలు నోటితో అనలేదు. టీ మానేశారు. నాలుగు ఫోటోలు చేర్చాం. నీటి వినియోగదారుల సంఘం అధ్యక్షుడు గారు తానే స్వయంగా వచ్చి, కండువాతో ఒకటి, కండువా లేకుండా ఒకటి ఇచ్చి, రెండూ వేసినా పరవాలేదన్నారు. మా ప్రాంతంలో ఫ్లెక్సీ మీద ముఖాలు ఏ వరసలో, ఏ కొలతలో ఉండాలో అందరికీ తెలుసు. పెళ్లి ఫ్లెక్సీలో మేనమామ ఫోటో వేలెడు తగ్గితే రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేస్తాయి. అదే పద్ధతి పేజీకీ వర్తించింది. ఎస్ఈ గారు అందరికన్నా పెద్ద, ఈఈ గారు కొంచెం తక్కువ, డీఈ గారు ఇంకొంచెం తక్కువ. డీఈ గారు తెర మీద స్కేలు పెట్టి కొలిచి చూశారు. ప్రతి ఫోటోను ఒక లింకుగా చేయాలనీ, నొక్కితే ఆ అధికారి జీవిత విశేషాలు రావాలనీ చివరగా నిర్ణయమైంది. వంతుల పట్టిక లింకు వీటన్నిటి కిందా ఉంది. అక్కడ ఎవరికీ పోటీ లేదు.

నాకు లెక్క కట్టకపోతే తోచదు. పేజీలో ప్రతి దానికీ ఒక బరువుంటుంది. ఫోను దాన్ని గాలిలోంచి లాక్కోవాలి. వంతుల పట్టిక బరువు ఒకటి అనుకుంటే, డీఈ గారి ఫోటో ఒక్కటే మూడు వందలకు పైగా తేలింది. అది ఆయన తోడల్లుడు ఖరీదైన కెమెరాతో తీసిన ఫోటో. బరువు ఎక్కువైందని ఫైలులో ఒక వాక్యం రాశాను. దాని పక్కన "చర్చించండి" అని వచ్చింది. ఫైలు మీద చర్చించండి అంటే చర్చ ముగిసిందని అర్థం.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మానిటరుకు రిబ్బను కట్టారు. మౌసుకు కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కీబోర్డుకు మరీ దగ్గరగా కొట్టబోతే నేను అడ్డం పడ్డాను. ఈఈ గారు తన ఫోటోను తానే నొక్కి, తన జీవిత విశేషాలు తానే చదివి, బాగుందన్నారు. వంతుల పట్టికను ఎవరూ నొక్కలేదు. ఆ వారమే డీఈ గారు ఒక సర్క్యులర్ ఇచ్చారు. సమాచారమంతా పేజీలో ఉన్నందున, లస్కర్లు ఊళ్లు తిరిగి వంతులు చెప్పనక్కరలేదు. ఆ సమయాన్ని కాలువలో గుర్రపుడెక్క తీయడానికి వినియోగించాలి.

కాలువ చివరి తూములు చూసే శివారు లస్కరు ప్రకాశం గారు ఆ సర్క్యులర్‌ను రెండుసార్లు చదివించుకుని, "అయితే నీళ్ల కబురు ఇక నీళ్లే చెప్పుకుంటాయన్నమాట" అని వెళ్లిపోయారు.

ఫాల్గుణం వచ్చింది. ఒక ఉదయం సత్యవతి గారనే ఆవిడ కార్యాలయానికి వచ్చింది. అంతర్వేది దారిలో, మా కాలువకు చిట్టచివరి తూము కింద, రెండెకరాలు కౌలుకు చేస్తోంది. భర్త అంతర్వేదిలో వేట పడవ మీద వెళ్తాడు. పొలం పని ఆవిడదే. మడమలకు ఎండిన మట్టి అలాగే ఉంది. డీఈ గారు ఎక్కడని అడిగింది. క్యాంపులో ఉన్నారని అటెండరు చెప్పాడు. అప్పుడు నా బల్ల ముందుకు వచ్చి ఫోను నా ముఖానికి పట్టింది.

"ఏవండీ బాబూ, దీంట్లో దొరలందరూ కనపడుతున్నారండి. నీళ్లే కనపడ్డం లేదండి."

జరిగింది ఇది. వంతు ఒక రోజు ముందుకు జరిగింది. పేజీలో మార్చాం. లస్కరు చెప్పలేదు, చెప్పనక్కరలేదన్నాం కనుక. ఆవిడ ముందురోజు గట్టు మీద నిలబడి పేజీ తెరిచింది. నీరు వచ్చిన రోజు ఆవిడ బోదె దగ్గర లేదు. నీరంతా మురుగులోకి పోయింది. చేను పొట్ట మీద ఉంది, అంటే కంకి ఇంకా ఆకు పొరలోనే ఉన్న దశ. ఆ దశలో తడి లేకపోతే గింజ పాలు పోసుకోదు, తాలు అవుతుంది. పైగా సముద్రం దగ్గర నేల. పైనుంచి మంచినీరు రాకపోతే కిందినుంచి ఉప్పు ఎగదన్నుతుంది. ఇంకో వంతు ఉంది. అదీ తప్పితే కోయడానికి గడ్డి మిగులుతుంది.

పట్టిక లింకు నొక్కలేదా అని అడిగాను.

"నొక్కకేంటండీ? నేను వేలు పెట్టేసరికి పైనుంచి ఇంకో బాబు గారు దిగుతున్నారండి. నా వేలు ఆయన మీద పడుతోందండి. మీ డీఈ గారు ఏ ఊళ్లో చదివేరో, ఏ ఏడాది చేరేరో నాకు నోటికొచ్చేసిందండి. అప్పజెప్పమంటారా?"

వద్దన్నాను. పక్క బల్లల వాళ్లు ఫైళ్లలో తలలు దూర్చారు.

మధ్యాహ్నం మోటారు సైకిలు మీద ఆవిడ తూము దగ్గరకే వెళ్లాను. అక్కడ సిగ్నలు ఒక గీత ఉంటుంది, అదీ కొబ్బరాకు కదిలినప్పుడు. పేజీ తెరిచాను. ముందుగా అక్షరాలు వచ్చాయి, పట్టిక లింకుతో సహా. వేలు పెట్టబోయాను. ఆ చోట ఎస్ఈ గారి నుదురు దిగింది. లింకు కిందికి జారింది. వెతికి మళ్లీ వేలు పెడితే ఈఈ గారి మీసం. ఫోటో ఎంత చోటు పడుతుందో ముందే రాసి ఉంచకపోతే, అది వచ్చినప్పుడల్లా కిందిదాన్ని తోసేస్తుంది. కార్యాలయంలో అన్నీ ఒక్క క్షణంలో దిగిపోవడం వల్ల ఈ తోపులాట మాకు కనిపించలేదు. తొమ్మిదో ముఖం వచ్చేలోగా ఫోను అలసిపోయి తెర తెల్లబోయింది.

తూము మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. ఎగువనున్న వాళ్లు తాగినంత తాగి వదిలితే శివారుకు చేరేది బురద. ముప్పై ఏళ్లు గేజి రాళ్ల దగ్గర నేను చూసిన జబ్బే ఇది. దాన్ని నివారించడానికి వంతులు పెట్టాం. ఆ వంతులు చెప్పడానికి ఒక పేజీ కట్టి, ఆ పేజీకి అదే జబ్బు అంటించాం. ఎగువ ముఖాలు, శివార్న పట్టిక. ఎండిపోయేది మాత్రం రెండు చోట్లా ఒకటే చేను.

మర్నాడు రత్నకుమారి ఫోటోలను పలచన చేసి, చోటు కొలతలు రాసి ఇచ్చింది. బరువు ఎంతో తగ్గింది. చూపుకు తేడా లేదు, నా చూపుకు. డీఈ గారు తన ఫోటోను తెర నిండా సాగదీసి చూసుకుని, "మొహం అరిగిపోయిందేంటండీ?" అన్నారు. పాతవే పెట్టమన్నారు. పట్టిక లింకును పైకి జరుపుతానన్నాను. ఎస్ఈ గారి తల మీదా అని అడిగారు. పోనీ, ఫోటోలన్నీ వేరే పేజీలో పెట్టి, దానికే ఒక లింకు ఇద్దామన్నాను.

"అన్నీ తీసేస్తే ఇది ఎవరి పేజీ అనుకుంటారండీ?"

రైతులది అనుకోవచ్చునని నేను అనలేదు. మళ్లీ నోట్ పెట్టాను. మళ్లీ "చర్చించండి" వచ్చింది. సత్యవతి గారి వంతుకు ఎక్కువ రోజుల్లేవు. ఈలోగా అది ముందుకు జరుగుతుందో వెనక్కి జరుగుతుందో బ్యారేజీకే తెలియాలి. ఆవిడ ఒక్కరికైతే నేనే ఫోను చేసి చెప్పగలను. ఆ తూము కింద ఇంకా చాలామంది కౌలుదార్లున్నారు. వాళ్ల నంబర్లు ఎవరి దగ్గరా లేవు.

రత్నకుమారికి ఫైలు కథంతా చెప్పాను, కుట్టిన ఎనెక్చర్లతో సహా. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఆ పట్టిక పేజీకి వేరేగా సంతకం ఉందన్నారు కదండీ బాబాయ్ గారూ. వీధి గుమ్మంలోంచే రావాలని అందులో ఎక్కడైనా రాసేరా? పెరటి తలుపు తీసే ఉంది కదండీ!"

ఫైలు తెరిచి చూశాను. రాయలేదు. ఎనెక్చర్-2 సొంతంగా ఆమోదం పొందిన పేజీ. దాని చిరునామా దానికుంది. మొదటి పేజీని దాటుకునే దాన్ని చేరాలని ఏ ఉత్తర్వూ లేదు. పట్టికలో తేదీలు మార్చే అధికారం నాకు ముందే ఇచ్చారు. పేజీలో నేను ఒక్క అక్షరం కదపనక్కరలేదు.

ఇక ఆ చిరునామా రైతుకు అందాలి. ఇంగ్లీషు అక్షరాల తోకను గట్టు మీద నిలబడి ఎవరూ కొట్టలేరు. టీ బడ్డీ దగ్గర డబ్బు కట్టడానికి ఫోను చూపించే గళ్ల బొమ్మ ఉంటుంది కదా, క్యూఆర్ కోడ్. అలాంటిదే పట్టిక పేజీకి చేసి, పైన "నీళ్ల వంతు" అన్న రెండు మాటలు వేసి, చిన్న ఫ్లెక్సీలు అచ్చు వేసింది రత్నకుమారి. మొదటిది చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మొహం లేని ఫ్లెక్సీ నేనింతవరకూ వెయ్యలేదండి. పోయినోళ్లకి కూడా మొహం పెడతాం కదండీ. ఏదో బోసిగా ఉంది. మీదైనా చిన్నది వెయ్యనా మూలకి?"

వద్దని బతిమాలుకున్నాను.

ప్రకాశం గారు వాటిని శివారు తూముల మీద కట్టారు. ఊళ్లు తిరిగి వంతులు చెప్పనక్కరలేదని సర్క్యులర్. ఫ్లెక్సీ కట్టకూడదని కాదు. సత్యవతి గారు ఆ గళ్ల బొమ్మను దూరం నుంచే చూసి ఆగింది.

"దీనికి ఫోను చూపిస్తే మా డబ్బులు పోతాయేంటండీ?"

"పోవమ్మా. నీళ్లు ఎప్పుడొస్తాయో వస్తుంది" అన్నారు ప్రకాశం గారు.

"మీ ఆఫీసోళ్లు పెట్టిందేనా?"

"ఆయ్."

"అయితే ముందు మీ ఫోను చూపించండి."

ఆయన చూపించారు. డబ్బు పోలేదు. ఆ ఒక్క గీత సిగ్నలులోనే పట్టిక వెంటనే తెరుచుకుంది. ఆవిడ తన ఫోనుతోనూ చూసింది. తన తూము వరసను వేలితో పట్టుకుని చదువుకుంది.

బ్యారేజీలో మట్టం తగ్గి, ఆ వంతు మళ్లీ ఒక రోజు ముందుకు జరిగింది. కబురు రాగానే పట్టికలో మార్చి, ఉదయాన్నే తూము దగ్గరకు వెళ్లాను. నీటిని చూడటానికి కాదు. నీరు వస్తుందని గేజి చెప్పింది. మనుషులు వస్తారా లేదా చూడాలి. సత్యవతి గారు నాకన్నా ముందే ఉంది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, బోదెలో పూడిక తీస్తోంది. వెనక ఇంకొందరు కౌలుదార్లు పారలతో గట్టున నిలబడ్డారు. ప్రకాశం గారు షట్టరు ఎత్తారు. నీరు ముందు నురగ తోసుకుంటూ, ఎండుటాకులు మోసుకుంటూ బోదెలోకి వచ్చింది. ఆవిడ గట్టుకు గండి కొట్టి, నీరు చేలోకి తిరిగేవరకూ తలెత్తలేదు. తరువాత నన్ను చూసింది.

"ఆయ్, నీళ్లొచ్చేసాయండి. మీ దొరల్ని ఎవర్నీ పలకరించకుండానే వచ్చేసాయండి."

కథ ఇక్కడ ముగిస్తే ముఖాలకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆ వారంలోనే, నడిమి కాలువ కింది రైతులు కొందరు కార్యాలయానికి వచ్చారు. అక్కడ తూములకు మేమింకా ఫ్లెక్సీ కట్టలేదు, వాళ్ల వంతూ అలాగే తప్పింది. డీఈ గారు వరండాలోనే ఎదురయ్యారు. అలవాటు చొప్పున, డీఈ గారు క్యాంపులో ఉన్నారని తానే చెప్పారు. అంతకుముందు ఆ మాట ఎన్నోసార్లు పనిచేసింది, ఎందుకంటే ఆయన ముఖం ఏ రైతుకూ తెలియదు. వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఫోను తీసి, తెర మీది ఫోటోను ఆయన చెంప పక్కన పెట్టి, రెండూ మార్చి మార్చి చూశాడు.

"మరి ఈయనెవరండీ? తమరి తమ్ముడు గారా?"

తోడల్లుడి కెమెరా మంచిది. ఒక్క వెంట్రుక తేడా లేదు.

ఆ సాయంత్రం డీఈ గారు నన్ను గదిలోకి పిలిచి, ఫోటోల బరువు గురించి నేనేదో నోట్ పెట్టానే, అది ఏమైందని అడిగారు. చర్చించమన్నారని గుర్తుచేశాను.

"ఇప్పుడు చర్చించాం కదండీ" అన్నారు.

ఫైలు ఒక్క రోజులో పైకి వెళ్లి వచ్చింది. నా సర్వీసులో అంత వేగం మళ్లీ చూడలేదు. పక్క సబ్ డివిజనులో కూడా రైతులు పేజీలోని ఫోటో చూసి ఎవరో అధికారిని గుర్తుపట్టారట. ఈఈ గారు స్వయంగా ఫోను చేసి, సీనియారిటీ ప్రకారం తన ఫోటో ముందు తీయాలన్నారు. ఆయనకన్నా ముందు ఎస్ఈ గారిది తీయాలని డీఈ గారు గుర్తుచేశారు. తీయడంలోనూ వరస పాటించాం. అధ్యక్షుడు గారి ఫోటో ఆయన ఊళ్లో లేనప్పుడు తీసేశాం. కారణం "సాంకేతికం" అని ఫైలులో ఉంది. ఖాళీ అయిన చోట పట్టికే పెట్టాను. దాని కింద, బరువు బాగా తగ్గించి, కాలువలోని గేజి రాయి ఫోటో ఒకటి పెట్టాను. దానికి జీవిత విశేషాలు అడిగినవారు లేరు.

లస్కర్లు ఊళ్లు తిరగనక్కరలేదన్న సర్క్యులర్ రద్దు కాలేదు. రద్దు చేయాలని నేను పెట్టిన నోట్ ఇప్పటికీ "చర్చించండి" దగ్గరే ఉండి ఉంటుంది. ప్రకాశం గారు మాత్రం ఫ్లెక్సీలు చిరిగాయేమో చూసే నెపంతో మళ్లీ తిరగడం మొదలుపెట్టారు. సత్యవతి గారి చేలో గట్టు వారన ఉన్నది తాలు పోయింది, తప్పిన వంతుకు అది వెల. మిగిలినది పండింది.

వెబ్ పేజీ కట్టడం నేర్చుకోవాలని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, ట్యాగులు ఎవరి దగ్గరైనా వారంలో వస్తాయని చెబుతాను. రాని సంగతి ఇంకోటి ఉంది. పేజీని కట్టిన బల్ల దగ్గర చూసుకోకూడదు. దాని అవసరం ఎవరికి ఎక్కువో, వాళ్లు నిలబడే చోటికి వెళ్లి, వాళ్లకు దొరికే సిగ్నలుతో తెరవాలి. అక్కడ మొదట ఏది కనిపిస్తుందో అదే ఆ పేజీ. మిగతాదంతా ఎగువవాళ్ల వాడకం.